"ఇక్కడే" అని రాసే ముందు

అమ్మా,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ నాన్న స్నేహితుడిగా చదివాను, రెండోసారి పెన్సిలు చేత పట్టుకొని చదివాను. గూఢచారి సినిమాలు తీసిన చోట్లను వెతుక్కుంటూ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పామ్ స్ప్రింగ్స్ దాకా తొమ్మిది రోజులు కారులో తిరిగావంటే ఆ సినిమాల మీద నీకున్నది ఉత్తుత్తి ఇష్టం కాదని తెలుస్తూనే ఉంది. నేను కూడా 1966లో వచ్చిన "గూఢచారి 116"ని మా ఊరి టూరింగ్ టాకీస్‌లో నేల మీద కూర్చొని చూసి, ఆ రాత్రి నిద్రపోకుండా గడిపినవాణ్ణి కనుక ఆ ఇష్టాన్ని తేలిగ్గా చూడను. "ఇందులో ఏదో లోపించింది బాబాయిగారూ, అదేమిటో నాకే అంతుపట్టడం లేదు" అని రాశావు. నాకు తోచింది రాస్తున్నాను.

నీ వ్యాసంలో "ఇక్కడే" అన్న మాట కింద గీత గీస్తూ పోయాను. ఇరవైమూడు గీతలయ్యాయి. ఇక్కడే బాండ్ నిలబడ్డాడు, ఇక్కడే ఫైరింజను దూసుకుపోయింది, ఇక్కడే ఫోటో తీసుకున్నాం. ఆ మాట వచ్చిన ప్రతిచోటా వాక్యం అక్కడితో ఆగిపోయి తరువాతి ఊరికి వెళ్ళిపోతోంది. తెర మీద చూసినదాన్ని నేల మీద గుర్తుపట్టిన ఆనందం నీకు దక్కిందే తప్ప, ఆ నేల ఎలా ఉందో చదివేవాడికి అందలేదు. కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో కనిపెట్టి సరిగ్గా అక్కడే నిలబడి చూశానని రాశావు. మంచి పని చేశావు. అలా నిలబడ్డాక వెనక్కి తిరిగి ఒక్కసారి చూడవలసింది. కెమెరా వీపు వైపు ఏముందో సినిమా చూపించలేదు కనుక, అది నువ్వు మాత్రమే రాయగలిగిన సంగతి.

వాస్కో దగ్గరి కూడలి సంగతే తీసుకుందాం. నువ్వు దానికి నాలుగు వాక్యాలే ఇచ్చావు, నా దృష్టిలో మొత్తం ప్రయాణంలో విలువైన చోటు అదే. "నార్త్ బై నార్త్‌వెస్ట్" 1959లో విడుదలైంది. ఖాళీ రోడ్డు మీద బస్సు దిగిన మనిషిని పొలాలకు మందు కొట్టే విమానం వెంటాడే ఆ ఘట్టం కథలో ఇండియానాలో జరుగుతుంది, తీసింది మాత్రం కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో, గార్సెస్ హైవే మీద ఉన్న ఈ కూడలిలో. కథానాయకుడు పక్కకు దూకి నేలకు కరుచుకుపోయే దగ్గరి షాట్లను స్టూడియోలో, వెనుక తెర మీద విమానం బొమ్మ నడిపిస్తూ తీశారు. చివర్లో కనిపించే రష్మోర్ కొండ దక్షిణ డకోటాలో ఉంది, నటులు పట్టుకు వేలాడిన రాతి ముఖాలను మాత్రం లాస్ ఏంజెలెస్ పక్కన కల్వర్ సిటీలో ఉన్న స్టూడియోలో కట్టారు. ఇవన్నీ నీకు తెలుసు, వ్యాసంలో చెప్పావు కూడా. చెప్పనిది ఏమిటంటే, అదే గార్సెస్ హైవే మీద తూర్పుకు డెలానో వైపు వెళితే ఊరి పొలిమేరలో "ఫార్టీ ఏకర్స్" అనే స్థలం ఉంది. అది వ్యవసాయ కూలీల సంఘం కేంద్రం. 1965 సెప్టెంబరులో ద్రాక్ష తోటల్లో పనిచేసే ఫిలిపినో కూలీలు సమ్మెకు దిగితే, సీజర్ చావెజ్ నాయకత్వంలోని సంఘం కొద్ది రోజులకే వారితో కలిసింది. పురుగుమందుల వల్ల కూలీలకూ వారి పిల్లలకూ జరుగుతున్న హాని లోకానికి తెలియాలని 1988లో అదే డెలానోలో చావెజ్ 36 రోజులు నిరాహార దీక్ష చేశాడు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. సినిమాలో విమానం మొక్కజొన్న చేలో దాక్కున్న మనిషి మీద మందు చల్లుతుంది, అతను దగ్గుతూ, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని బయటికి పరుగెత్తుతాడు. మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. ముప్పయ్యేళ్ళ తరువాత అదే రోడ్డు మీద ఒక మనిషి, రోజూ ఆ మందు మధ్యనే పనిచేసేవారి కోసం అన్నం మానేశాడు. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం ఉందని నువ్వు వాదించనక్కరలేదు. రోడ్డు ఒకటేనని చెబితే చాలు. పైగా నీది పత్తి పండే ఊరు. వీపున డబ్బా కట్టుకొని మీ తాతగారు చేనుకు మందు కొట్టి వచ్చిన సాయంత్రం చొక్కా ఇంట్లోకి తేనివ్వకుండా బయటే గంగాళంలో నానబెట్టేవారని నువ్వే ఒకసారి నాతో చెప్పావు. ఆ చొక్కా వాసన తెలిసిన పిల్ల ఆ కూడలిలో నిలబడి ఆకాశం వైపు చూసింది. వాస్కో గురించి ఇంకెవరూ నీలా రాయలేరమ్మా. అటువంటి సంగతి చేతిలో ఉండగా ఫోటో ఎన్ని గంటలకు తీశావో రాసి వదిలేశావు.

ఇంకొక సంగతి కూడా ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది. మీరు రోడ్డు పక్కన కారు ఆపి ఎండలో గంటసేపు నిలబడితే, ఒక లారీ ఆగిందనీ, కారు చెడిపోయిందా, నీళ్ళు కావాలా అని డ్రైవరు అడిగాడనీ రాశావు. అది చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. సినిమాలో కూడా సరిగ్గా అటువంటి చోట ఒక అపరిచితుడు కారు దిగి, రోడ్డుకు ఆ వైపున నిలబడి, పంటే లేని చోట ఆ విమానం మందు కొడుతోందే అని ఒక్క మాట అని బస్సెక్కి వెళ్ళిపోతాడు. అక్కడ ఆ పలకరింపు ప్రమాదానికి ముందుమాట. మీకు జరిగింది దానికి పూర్తిగా ఎదురు, ముక్కూ మొహం తెలియని మనిషి మీ క్షేమం అడిగాడు. ఆ డ్రైవరు వయసెంత? ఏ భాషలో మాట్లాడాడు? లారీలో ఏం సరుకుంది, బాదమా, ద్రాక్షా? సినిమా చూడటానికి వచ్చామని చెబితే ఏమన్నాడు? అతనికి ఆ సినిమా తెలుసా? జ్ఞాపకం చల్లారకముందే కూర్చొని రాసుకో. వ్యాసాన్ని అతనితో మొదలుపెట్టమని నా సలహా.

శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు దగ్గర కూడా ఆగి, ఇంకొంత లోతుకు వెళ్ళవలసింది. 1985లో వచ్చిన బాండ్ సినిమా "ఎ వ్యూ టు ఎ కిల్"లో ప్రతినాయకుడు ఆ భవనంలోని ఒక అధికారిని ఆయన గదిలోనే కాల్చి చంపి, భవనానికి నిప్పు పెడతాడు. నిప్పు, నిచ్చెన, ఫైరింజను తరుము, అన్నీ ఉత్సాహంగా వర్ణించావు. అయితే ఆ సినిమాకు ఏడేళ్ళ ముందు, 1978 నవంబరు 27న, అదే భవనంలో, మేయరు జార్జ్ మోస్కోనీని ఆయన గదిలోనూ, నగర ప్రతినిధి హార్వే మిల్క్‌ని ఇంకొక గదిలోనూ నిజంగా కాల్చి చంపారు. ఆ వార్తను పత్రికలవారికి వణుకుతున్న గొంతుతో చెప్పిన డయాన్ ఫైన్‌స్టైన్ ఆ తరువాత మేయరు అయ్యారు. సినిమా అక్కడ తీస్తున్నప్పుడు కూడా మేయరు ఆవిడే. ఇది తెలిసిన తరువాత ఆ దృశ్యాన్ని మునుపటిలా చూడలేం. నీ వ్యాసంలో ఇది లేకపోవడం తప్పు అనను, తెలియకపోయి ఉండవచ్చు. ఏదైనా భవనం గురించి రాయబోయే ముందు దాని సొంత చరిత్ర ఒక పూట చదవాలని మాత్రం గట్టిగా చెబుతాను. పెళ్ళిబట్టల్లో జంటలు ఆ మెట్ల మీద వరసకట్టి ఫోటోలు తీయించుకుంటున్నారని రాశావు కదా, ఆ మెట్లెక్కితే పైన హార్వే మిల్క్ శిల్పం ఉంది. పెళ్ళికూతురి మేలిముసుగు ఆ శిల్పానికి ఎంత దూరంలో ఉంటుందో ఈసారి వెళ్ళినప్పుడు చూసి రాయి.

గోల్డెన్ గేట్ వంతెన విషయంలో నేను చేసిన పొరపాటు నీకు చెప్పాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక పత్రికకు ఆ సినిమా గురించి రాస్తూ, చివరి పోరాటమంతా నటులు ఆ 746 అడుగుల స్తంభం మీదే చేశారని జ్ఞాపకం మీద రాసేశాను. వంతెన మీద సాహసాలు చేసినవారు స్టంట్ మనుషులు. నటుల ముఖాలు కనిపించే భాగాలను ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలో వంతెన భాగాలను కట్టి తీశారు. ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద, ఎంతో మర్యాదగా, ఈ సంగతి రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. వంతెన మీద చలిగాలిలో ప్రాణాలకు తెగించి వేలాడినవారి శ్రమను నేను నా వాక్యంలో వేరెవరికో కట్టబెట్టానన్న బాధ చాలాకాలం వదల్లేదు. అందుకే నీ వ్యాసంలో, బాండ్ వేషం వేసిన నటుణ్ణి గురించి, "రోజర్ మూర్ ఇక్కడే ఎక్కాడు" అన్నచోట పెన్సిలుతో సున్నా చుట్టాను. ఆ వాక్యం తీసెయ్యి.

పామ్ స్ప్రింగ్స్ భాగం తగ్గించవచ్చు. "డైమండ్స్ ఆర్ ఫరెవర్"లో ఇద్దరమ్మాయిలు బాండ్‌ను ఎత్తి కుదేసిన ఎల్‌రాడ్ హౌస్ జాన్ లాట్నర్ రూపొందించిన గొప్ప ఇల్లే, కొండరాళ్ళను పగలగొట్టకుండా గదిలోపలే ఉంచి పైన కాంక్రీటు గొడుగు పట్టిన ఆ ఆలోచన అబ్బురమే. కానీ అది ప్రైవేటు ఇల్లు, నువ్వు గేటు దగ్గరి నుంచే తిరిగి వచ్చావు. లోపల చూడనిదాన్ని చూసినట్టు ఒక పేరా రాశావు, అది సినిమా చూసి రాసిన పేరా అని చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. గేటు దగ్గర ఆగిపోయామని రాసి, ఆ ఎండ ఎలా ఉందో రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగు.

"మూన్‌రేకర్"ను వదిలేయడం మంచిదయింది, అందులో కాలిఫోర్నియాలో ఉన్నట్టు చూపించిన భవంతి నిజానికి ఫ్రాన్సులోని వో-లె-వికోంత్. రాయి రాయి విప్పి ఫ్రాన్సు నుంచి తెచ్చారని సినిమాలో ఒక పాత్ర చేత చెప్పించారు కూడా. ఇండియానాగా మారిన వాస్కో పక్కన ఒక్క వాక్యంగా ఇది పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో.

యూనియన్ స్క్వేర్ దగ్గర నువ్వు చూసినదంతా రాశావు, విన్నది ఒక్కటీ రాయలేదు. 1974 నాటి "ద కాన్వర్సేషన్" మొదలయ్యేదే ఆ చౌకులో, జనంలో తిరుగుతున్న ఒక జంట మాటలను దూరం నుంచి మైకులతో దొంగతనంగా పట్టడంతో. కథంతా ఒకే ఒక వాక్యంలో ఏ మాట మీద ఊనిక పడిందన్న దాని మీద నడుస్తుంది. అటువంటి చోటికి వెళ్ళినప్పుడు కళ్ళు మూసుకొని ఒక పావుగంట కూర్చొని, చెవిన పడ్డవాటిని పడ్డట్టు రాసుకోవాలి. తెలుగు కూడా వినిపించి ఉంటుంది. ఆ ఊళ్ళో ఏ బెంచీ మీద కూర్చున్నా పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఇండియాకు ఫోను చేసి "తిన్నావా" అని అడుగుతూ పోతారు.

చివరిగా, నువ్వు వెళ్ళకుండా వదిలేసిన చోటు ఒకటుంది, అది నీ ఇంటి పక్కనే. "ఎ వ్యూ టు ఎ కిల్"లో ప్రతినాయకుడి పన్నాగం గుర్తుంది కదా. హేవర్డ్, శాన్ ఆండ్రియాస్ అనే రెండు భూమి పగుళ్ళను కదిలించి, సిలికాన్ వ్యాలీని నీట ముంచి, మైక్రోచిప్పుల వ్యాపారమంతా తన గుప్పిట్లో పెట్టుకోవాలని అతని ఆలోచన. ఆ సినిమా వచ్చిననాటికి ఆ లోయలో మనవాళ్ళు ఎక్కడో ఒకరు. ఈ రోజు నువ్వూ, నీ స్నేహితులూ, నేనూ, మన గుళ్ళూ, మన పిల్లల సంగీతం క్లాసులూ అన్నీ ఆ మ్యాపులోనే ఉన్నాయి. హేవర్డ్ పగులు నువ్వుండే ఫ్రీమాంట్ ఊరి కింద నుంచే పోతుంది. అది ఏటా కొన్ని మిల్లీమీటర్లు నిశ్శబ్దంగా జరుగుతూనే ఉంటుంది. హేవర్డ్‌లో రోజ్ స్ట్రీట్, ప్రాస్పెక్ట్ స్ట్రీట్ కలిసే మూల, కాలిబాట అంచు కాంక్రీటు ఈ కదలికకు రెండుగా విడి పక్కకు జరిగిపోతే, భూగర్భ శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి దాన్ని ఫోటోలు తీస్తూ వచ్చారు. 2016లో నగరపాలకులు కాలిబాటను బాగుచేయిస్తూ దాన్ని తీసేస్తే వారెంతో బాధపడ్డారు. సినిమాలో బాంబులతో, వరదలతో చూపించినదాని అసలు రూపం అదమ్మా, ఒక వీధి మూల, జానెడు కాంక్రీటు. నీ వ్యాసం వాస్కో లారీ డ్రైవరుతో మొదలై ఈ మూల దగ్గరికి వచ్చి ఆగితే బాగుంటుందని నా మనసుకు తోస్తోంది.

శనివారం ఉదయం ఖాళీ అయితే నన్ను కారెక్కించుకో, ఇద్దరం హేవర్డ్ వెళదాం. ముందు ఆ మూల చూసి, తరువాత కింద నుంచి పగులు పోతోందని ఖాళీ చేసిన పాత సిటీ హాలు దగ్గరికి నడుద్దాం. నోటు పుస్తకం తెచ్చుకో. ఈలోగా మీ తాతగారికి ఫోను చేసి, పత్తికి మందు కొట్టే రోజుల్లో ముక్కుకు ఏం కట్టుకునేవారో అడిగి రాసి ఉంచు.

మీ పిన్ని అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు
మీ బాబాయి