ఎఫ్‌డీ తీసి పుస్తకం అచ్చు వేయించాలా?

ప్రశ్న: గుంటూరులో మాకు రెడీమేడ్ బట్టల షాపు ఉండేది. 2022లో మూసేశాం. ఫ్లాటు అమ్మి అప్పులు తీర్చి, తెనాలి వచ్చి అద్దెకుంటున్నాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూస్తాను, జీతం 18,000. మావారు కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, ఆయనకు 21,000. ఇంటి ఖర్చు 29,000, చీటీ 5,000. బ్యాంకులో 3,20,000 ఎఫ్‌డీ ఉంది. అమ్మాయి డిగ్రీ ఫైనలియర్. తక్కువ డబ్బుతో మళ్ళీ ఎలా మొదలుపెట్టామో పుస్తకం రాయాలని ఉంది. ఇదే నా మొదటి పుస్తకం. ఒక సంస్థవాళ్ళు 160 పేజీలు, వెయ్యి కాపీలు, కవరు, ఆవిష్కరణ సభ అన్నీ కలిపి 1,40,000 ప్యాకేజీ చెప్పారు. ధర 200 పెడదామన్నారు. ఇక్కడి ప్రెస్‌లో అడిగితే 300 కాపీలకు 24,000, డీటీపీకి, ప్రూఫులకు, కవరుకు ఇంకో 12,000 అవుతుందన్నారు. ఆరు నెలలు ఉద్యోగం మానేసి రాద్దామనుకుంటున్నాను. ఎఫ్‌డీ తీయాలా, చీటీ పాడాలా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. పుస్తకం మాత్రం రాయండి.

మీ ఉత్తరంలో రెండు ఖర్చులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రాయడం వేరు, అచ్చు వేయించడం వేరు. రాయడానికి ఒక నోటుబుక్కు, తెల్లవారుజామున ఒక గంట చాలు. డబ్బు కావాల్సింది అచ్చుకి. అది ఇప్పుడే అక్కర్లేదు, ఎందుకంటే అచ్చు వేయడానికి ఇంకా పుస్తకమే లేదు.

ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. మీరు మానేస్తే ఇంటికి వచ్చేది 21,000, పోయేది చీటీతో కలిపి 34,000. నెలకు 13,000 తక్కువ పడుతుంది, ఆరు నెలలకు 78,000. దానికి ప్యాకేజీ 1,40,000 కలపండి. 3,20,000లో మిగిలేది 1,02,000, అంటే మూడున్నర నెలల ఇంటి ఖర్చు. అదైనా మీరు తిరిగొచ్చేసరికి స్కూల్లో ఆ కుర్చీ ఖాళీగా ఉంటేనే! ఉన్నదంతా ఒకే సరుకు మీద పెట్టడం ఎలా ఉంటుందో షాపు నడిపిన మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ ప్యాకేజీ. వెయ్యి కాపీలకు 1,40,000 అంటే కాపీ 140 పడుతుంది. పుస్తకాల షాపులకు, పంపిణీదారులకు కమీషన్ ఇవ్వాలి. 40 శాతం అడగడం మామూలే. 200 రూపాయల పుస్తకం మీద మీ చేతికొచ్చేది 120. వెయ్యికి వెయ్యి కాపీలూ షాపుల్లో అమ్ముడుపోయినా కాపీకి 20 రూపాయల నష్టమన్నమాట. ఇది వ్యాపారంగా చూసినప్పటి మాట, ఆవిష్కరణ సభలో కప్పే శాలువా వాళ్ళే తెస్తారేమో నాకు తెలియదు. ఇంకొకటి, 160 పేజీల డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) పుస్తకాలు వెయ్యి అంటే రెండు క్వింటాళ్ళకు దగ్గరగా బరువుంటాయి. మీ అద్దింట్లో మంచం కింద పెట్టినా సగం బయటే ఉంటాయి. మొదటి పుస్తకం వేసుకున్న ఒకరిద్దరి ఇళ్ళలో ఆ కట్టల మీద టీవీ పెట్టుకోవడం నేను చూశాను.

ఆ ప్యాకేజీలో ఐఎస్‌బీఎన్‌కు (అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరుకు), కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు విడిగా డబ్బులు వేశారేమో చూడండి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. కాపీరైట్ మీరు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలనుకుంటే ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు, అంతే.

మీ ఊరి ప్రెస్ లెక్క నాకు నచ్చింది. మొత్తం 36,000, కాపీ 120 పడుతుంది. ఇవి షాపుకిస్తే మీకు ఏమీ మిగలదు, నిజమే. కానీ 300 కాపీలు షాపుల ద్వారా అమ్మాల్సినన్ని కావు. మీరే 200కి అమ్మి, పోస్టేజీ కొనేవాళ్ళనే పెట్టుకోమంటే, 180 కాపీలతో పెట్టుబడి తిరిగొస్తుంది. గుంటూరు షాపుకి ఏళ్ళతరబడి వచ్చిన కస్టమర్లు, స్కూల్లో టీచర్లు, బంధువులు... అచ్చుకి ముందే ఒక వంద మంది దగ్గర డబ్బు తీసుకుని పేర్లు రాసుకోండి. తెలుగులో ముందస్తు చందాలతో పుస్తకం వేయడం కొత్తేమీ కాదు, మొహమాటపడకండి. వంద మంది కూడా రాకపోతే అచ్చు ఆపండి, రాయడం కాదు.

వంద మంది దగ్గర 20,000 వస్తుంది. మిగతా 16,000 కోసం ఈ నెల నుంచే బ్యాంకులో నెలకు 1,500 చొప్పున ఏడాదికి రికరింగ్ డిపాజిట్ కట్టండి. అన్నీ పోగా మీకు నెలకు 5,000 మిగులుతోంది కదా, అందులోంచి. ఏడాదికి 18,000, పైన కాస్త వడ్డీ. ఎటూ పుస్తకం రాయడానికీ ఏడాది పడుతుంది. అచ్చుకి మీరు పెట్టే డబ్బు ఇదొక్కటే. ఇది పోయినా ఇల్లు కదలకూడదు.

ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. అందులో 1,74,000 ఆరు నెలల ఇంటి ఖర్చు. మీ ఉత్తరంలో హెల్త్ ఇన్సూరెన్స్ మాటే లేదు. లేకపోతే మిగిలినదాంట్లోంచి ముందు అది తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. తరవాత అమ్మాయి పీజీ ఫీజు. చీటీ కూడా అందుకే ఉంచండి. మధ్యలో పాడితే పాటలో పోయేది వడ్డీ లాంటిదే, పుస్తకం కోసం ఆ వడ్డీ ఎందుకు?

పన్ను గురించి టెన్షన్ వద్దు. మీ జీతం, పుస్తకాల మీద మిగిలేది కలిపినా పన్ను కట్టాల్సినంత కాదు.

రేపు ఏ ప్రచురణకర్తో తన ఖర్చుతో వేస్తానని వస్తే సంతోషమే. కాగితం మీద సంతకం పెట్టే ముందు హక్కులు ఎన్నేళ్ళకు, ఏయే రూపాలకు అని చూడండి. గడువు రాయకపోతే చట్టప్రకారం అయిదేళ్ళుగా లెక్కిస్తారు. 'శాశ్వతంగా, అన్ని రూపాల్లో' అని రాసి ఉంటే ఆడియోకి, అనువాదానికి కూడా మీరు ఆయన్నే అడగాలి.

ఇక పుస్తకంలో ఏం రాయాలన్నది నా పని కాదు గానీ, ఒక్క మాట చెప్పనివ్వండి. 'పడి లేచాం' అని చెప్పే పుస్తకాలు చాలానే వచ్చాయి. లేచిన కథలో రెండో నెల ఎలా గడిచిందో ఎవరూ రాయరు. మీరు అకౌంట్స్ మనిషి. 2022 నుంచి ఇంటి ఖర్చు రాసుకున్న పుస్తకం మీ దగ్గర ఉండే ఉంటుంది. అదే మీ అసలు సరుకు. ఏ అప్పు ముందు తీర్చారు, ఎందుకు? బంగారం అమ్మారా, కుదువ పెట్టారా? పండక్కి పుట్టింటికి వెళ్ళకుండా ఏం సాకు చెప్పారు? అంకెలతో సహా రాయండి. నాలాంటివాడు వంద సలహాలు చెప్పినా ఆ ఒక్క పేజీకి సాటిరావు.

అప్పిచ్చినవాళ్ళ పేర్లు మాత్రం మార్చండి. చేతి అప్పులు ఇంకా ఏమైనా మిగిలి ఉన్నా, చెక్కు కేసు నడుస్తున్నా, ఆ భాగం అచ్చుకి వెళ్ళకముందే లాయరుకు చూపించండి. పరువునష్టం దావా ఖర్చు ముందు ప్రెస్ బిల్లు చాలా చిన్నది.

డీటీపీ చేసేవాళ్ళు 'అను' అనే పాత తరహా ఫాంట్లలో కంపోజ్ చేస్తే, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్ ఫైలు కూడా ఇమ్మని ముందే మాట్లాడుకోండి. ఈ-బుక్ వేద్దామనుకున్నప్పుడు మళ్ళీ టైపు చేయించే ఖర్చు తప్పుతుంది. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతుంది. తెనాలి నుంచి గంట ప్రయాణం. ఈసారి చదివేదానిలా వెళ్ళి, ఏ సైజు పుస్తకానికి ఏ ధర పెడుతున్నారో చూసి రండి.

మీవారు ఏమన్నారో మీరు రాయలేదు. ఆ షాపు ఆయనది కూడా. మొదటి చాప్టరు ఆయనకు చదివి వినిపించాకే ప్రెస్‌కి ఫోన్ చేయండి.