జీతం కోతకు ఒప్పుకోవాలా, రాజీనామా రాయాలా అని అడిగారు కదా, రెండూ వద్దు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇల్లు ఆంధ్రలో పాతపట్నంలో, పని సరిహద్దు దాటి ఒడిశాలో పర్లాకిమిడిలో. బిల్లింగ్, డిస్పాచ్ సెక్షన్‌లో తొమ్మిదేళ్ళ సర్వీసు. బేసిక్, డీఏ కలిపి 18,200. కంపెనీని ఎవరో కొన్నారు. కొత్త హెచ్ఆర్ వాళ్ళు వచ్చి 30 శాతం తక్కువ జీతంతో కొత్త లెటర్ మీద సంతకం పెట్టమన్నారు, ఇష్టం లేకపోతే రాజీనామా రాసిస్తే ఒక నెల జీతం ఇచ్చి పంపిస్తామన్నారు. గడువు శుక్రవారం. రెండిట్లో ఏది నయం అని మీ ప్రశ్న.

శుక్రవారం లోపు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే 2019లో ఒడిశాలోని బరంపురంలో నాకూ ఇదే జరిగింది.

నేను పని చేసింది మందుల పంపిణీ డిపోలో. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్న ఊరు కాబట్టి మందుల వ్యాపారం పెద్దది. 2008 జూన్‌లో చేరాను. పదకొండేళ్ళ తర్వాత యజమాని కంపెనీని బయటి వాళ్ళకు అమ్మేశాడు. మాకు తెలిసింది ఎలాగంటే ఒకరోజు పొద్దున్న గేటు మీద బోర్డు మారింది. తర్వాతి వారం మమ్మల్ని ఒక హోటల్ మేడ మీద మీటింగ్ హాల్‌కి రమ్మన్నారు. ప్రతి కుర్చీ ముందు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ ఉంది, దాని మీద ఎవరి పేరు వాళ్ళది. లోపల ఇంగ్లీషులో నాలుగు పేజీలు. సాయంత్రం ఐదింటి లోపు సంతకం చేసి ఇచ్చి వెళ్ళండి అన్నారు.

నా పక్క కుర్చీలో మా స్టోర్ కీపర్. పెద్ద బజారు వైపు మన తెలుగు కుటుంబమే, పదహారేళ్ళ సర్వీసు, అందరం మావయ్యా అని పిలిచేవాళ్ళం. ఆయన పెన్ను తీసి కళ్ళజోడు కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. దొరకలేదు. హెచ్ఆర్ అమ్మాయి వచ్చి ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. కళ్ళజోడు లేకుండానే మూడు చోట్ల సంతకం పెట్టేశాడు. ఆ మూడిట్లో ఒకటి రాజీనామా. "సొంత కారణాల వల్ల" అని ముందే టైపు చేసి ఉంది. ఆ సంగతి ఇంటికి వెళ్ళాక వాళ్ళబ్బాయి చదివి చెబితే తెలిసింది.

నేను సంతకం పెట్టకపోవడానికి కారణం ధైర్యం కాదు. రెండో పేజీలో "చేరిన తేదీ" అనే గడిలో 1 ఆగస్టు 2019 అని కనబడింది. 2008 నుంచి ఉన్నవాడిని కదా అని అడిగితే, ఇది ఫార్మాలిటీ సార్ అన్నారు. ఫార్మాలిటీ అయితే పాత తేదీ వేయడానికి మీకేం కష్టం అన్నాను. సమాధానం రాలేదు. అక్కడ అనుమానం వచ్చింది.

ఆ గడి ఎందుకంత ముఖ్యమో చెబుతాను. కంపెనీ చేతులు మారడం రెండు రకాలు. మొదటిది, షేర్లు అమ్మడం. అప్పుడు యజమాని మారతాడు గానీ కంపెనీ అదే, మీ ఉద్యోగం అదే, ఏదీ మొదటి నుంచి మొదలవ్వదు. రెండోది, షేర్లు కాకుండా వ్యాపారాన్నే, అంటే డిపోనో ఫ్యాక్టరీనో, ఇంకో కంపెనీకి అమ్మడం. అప్పుడు చట్టం ఏమంటుందంటే, కొత్త యజమాని మీ సర్వీసు తెగకుండా, పాత షరతులకు తగ్గకుండా తీసుకోవాలి, రేపు తీసేయాల్సి వస్తే పాత ఏళ్ళు కూడా కలిపి లెక్క కట్టాలి. అలా తీసుకోకపోతే మిమ్మల్ని తొలగించినట్టే లెక్క, పాత యజమాని పరిహారం ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇది 25ఎఫ్ఎఫ్ సెక్షన్. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, ఈ రక్షణ అందులోనూ ఉంది. అమ్మకం ఏ రకం అయినా సరే, చేరిన తేదీ మార్చుకొమ్మని మిమ్మల్ని అడిగే హక్కు వాళ్ళకు లేదు. అడుగుతున్నారంటే మీ తొమ్మిదేళ్ళను కాగితం మీద చెరిపేయాలని చూస్తున్నట్టే.

ఇప్పుడు మీ డబ్బు లెక్క. వాళ్ళు తీసేస్తే ఒక నెల నోటీసు లేదా ఆ నెల జీతం, అంటే 18,200 ఇవ్వాలి. పని చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. మీకు 9,100 చొప్పున తొమ్మిదేళ్ళకు 81,900. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసు ఏళ్ళ లెక్కన కంపెనీ ఇచ్చే డబ్బు, వేరే, 26 రోజుల నెలలో 15 రోజుల లెక్కన ఏడాదికి 10,500, మొత్తం 94,500. కొత్త కోడ్ ప్రకారం తీసేసిన ఉద్యోగి కొత్త పని నేర్చుకోవడానికి ఇంకో 15 రోజుల జీతం, 9,100. కలిపితే 2,03,700. అదే మీరు రాజీనామా రాస్తే, అయిదేళ్ళు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ వస్తుంది, వాళ్ళు చెప్పిన నెల జీతం వస్తుంది, అంతే. తనంతట తాను వెళ్ళిపోయిన మనిషిని చట్టం తొలగింపు కింద లెక్కపెట్టదు. మీరు భయపడుతున్నది తీసేస్తారేమో అని. వాళ్ళు తీసేస్తే మీకు పరిహారం ఇవ్వాలి, మీరే వెళ్ళిపోతే ఇవ్వక్కర్లేదు. అందుకే అంత తొందర పెడుతున్నారు.

కోతకు ఒప్పుకుంటే ఉద్యోగమైనా ఉంటుంది కదా అంటారేమో. నేనూ ఆ రాత్రంతా అదే ఆలోచించాను. గ్రాట్యుటీ ఆఖరి జీతం మీద కడతారు. మీ 18,200 కాస్తా 12,740 అయ్యాక ఆరు నెలలకు తీసేస్తే, గడిచిన తొమ్మిదేళ్ళకూ ఆ తగ్గిన జీతం మీదే లెక్క. 94,500 బదులు 66,150. ఒక సంతకంతో రాబోయే నెలల జీతమే కాదు, ఇప్పటికే సంపాదించుకున్నదీ తగ్గుతుంది. ఇంకో సంగతి, వాళ్ళిష్టం వచ్చినప్పుడు జీతం తగ్గించడానికి లేదు. ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలి, ఇది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. మీతో సంతకం పెట్టించుకుంటే ఇక ఆ నోటీసు గొడవే ఉండదని వాళ్ళ ఆశ.

నేను ఆ సాయంత్రం, ఇంట్లో చదివించుకుని చెబుతాను అన్నాను. ఫోల్డర్ బయటికి తీసుకెళ్ళనివ్వలేదు. నాలుగు పేజీలూ ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాను. రాత్రి ఇంటికొచ్చి నా మెయిల్ నుంచి రెండే ముక్కలు రాశాను: ఈరోజు ఫలానా చోట ఈ కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, నేను రాజీనామా చేయడం లేదు, జీతం తగ్గింపుకు నా సమ్మతి లేదు, పాత షరతులతో పనికి వస్తాను. పొద్దున్న మామూలు టైమ్‌కే డిపోకి వెళ్ళాను. ఇది మర్చిపోకండి. కోపంతోనో సిగ్గుతోనో ఇంట్లో కూర్చుంటే పని మానేశాడని రాసుకుంటారు. గేటు దగ్గర ఆపితే గేటు ముందు నిలబడి ఫోటో తీసుకుని, అదే రోజు మళ్ళీ మెయిల్ పెట్టండి.

పదకొండు మందిమి కలిసి జిల్లా లేబర్ ఆఫీసులో ఒకే ఫిర్యాదు ఇచ్చాం. మనలాంటి సరిహద్దు వాళ్ళకు ఇక్కడ ఒక చిక్కు. మాలో ఒకతను ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. తను ముందు శ్రీకాకుళం జిల్లా ఆఫీసుల చుట్టూ తిరిగి రెండు వారాలు పోగొట్టుకున్నాడు. ఇల్లు ఎక్కడుందన్నది కాదు, పని ఎక్కడ చేశారన్నది లెక్క. మీరు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా లేబర్ ఆఫీసర్ దగ్గరికే వెళ్ళాలి. ఒడియా మాట్లాడడం మనందరికీ వచ్చు, రాయడం వచ్చిన వాళ్ళు తక్కువ. మా ఫిర్యాదు ఇంగ్లీషులో రాసి, ఒక ఒడియా సహోద్యోగి చేత ఒడియాలో కూడా రాయించాం. ఇచ్చినప్పుడు మీ కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. నెలలు గడిచాక ఎప్పుడు ఇచ్చారు అని అడిగితే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.

కంపెనీ లాయరు వచ్చి, వీళ్ళు వర్కర్లు కాదు ఎగ్జిక్యూటివ్‌లు, వీళ్ళకు ఈ చట్టం వర్తించదు అన్నాడు. నిజమే, కొన్నాళ్ళ ముందు మా అందరికీ జీతం పెంచకుండా హోదా మాత్రం పెంచుతూ లెటర్లు ఇచ్చారు. అప్పుడు స్వీట్లు కూడా పంచుకున్నాం. కానీ చూసేది హోదా పేరు కాదు, రోజూ చేసే పని. నా చేతిరాతతో ఉన్న డిస్పాచ్ చలాన్లు, పెట్టెలు సరిచూసి టిక్కులు పెట్టిన ప్యాకింగ్ స్లిప్పుల కాపీలు బల్ల మీద పెట్టాను. ఆఫీసర్ ఒక చలాన్ తిప్పి చూసి, ఈ ఎగ్జిక్యూటివ్ కింద ఎంతమంది పని చేస్తారు అని అడిగాడు. ఒక్కరూ లేరు. కొత్త కోడ్‌లో సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 దాటి తీసుకునే వాళ్ళు వర్కర్ల కిందికి రారు. మీ జీతం ఆ గీతకు కొంచెం పైన ఉంది కాబట్టి మీది సూపర్‌వైజర్ పని అనే వాదిస్తారు, రాసిపెట్టుకోండి. మీరు సొంత చేత్తో బిల్లులు కొడుతున్నట్టు, సరుకు పంపుతున్నట్టు కాగితాలు ఇప్పుడే దాచుకోండి. లాగిన్ ఆపేశాక ఏదీ చేతికి రాదు.

మా వైపు పనికొచ్చిన ఇంకో మాట, సీనియారిటీ. తీసేయాల్సి వస్తే ఒకే రకం పనివాళ్ళలో మామూలుగా చివర చేరిన వాళ్ళను ముందు తీసేయాలి. మా దగ్గర రివర్స్‌లో జీతం ఎక్కువైన పాతవాళ్ళనే ఏరారు. ఆఫీసర్ సీనియారిటీ జాబితా తెమ్మన్నాక కంపెనీ గొంతు తగ్గింది.

నిజం చెప్పాలి, ఉద్యోగం తిరిగి రాలేదు. ఏడు నెలలు పట్టింది. నలుగురిని పాత జీతంతోనే ఉంచుకున్నారు, ఏడుగురికి మొదట చేరిన తేదీ నుంచి లెక్క కట్టి, పాత జీతం మీద పరిహారం, గ్రాట్యుటీ ఇచ్చి పంపారు. నేను ఆ ఏడుగురిలో ఉన్నాను. ఆ ఏడు నెలలూ మా ఆవిడ వీధిలో మిగతా ఆడవాళ్ళతో కలిసి అప్పడాలు వత్తింది. స్కూలు ఫీజు, బండి ఈఎంఐ, రాత్రిళ్ళు నిద్ర పట్టని టెన్షన్, అన్నీ చూశాం. మీ ఇంట్లో ఇప్పుడే కూర్చుని చెప్పండి, దాచకండి. నేను మూడు వారాలు దాచాను, అది చేయాల్సింది కాదు. మావయ్యకు మాత్రం గ్రాట్యుటీ తప్ప ఒక్క రూపాయి రాలేదు. ఆయన సంతకం ఉన్న రాజీనామా వాళ్ళు తీసి చూపించారు, ఇక ఆఫీసర్ చేయగలిగింది ఏమీ లేకపోయింది. పదహారేళ్ళ పరిహారం. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే నాకు మాట రాదు, పక్కనే కూర్చుని ఒక నిమిషం ఆగమని చెప్పి ఉండాల్సింది.

మీ తొమ్మిదేళ్ళు చూసి ఇంకొకటి చెబుతున్నాను. పీఎఫ్‌లో ఉన్న పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలి. బయటికి రావాల్సి వచ్చినా ఆ పెన్షన్ డబ్బు డ్రా చేయకండి. అదే యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా శాశ్వత నంబరు) మీద ఇంకో ఉద్యోగంలో చేరితే పాత ఏళ్ళు కలుస్తాయి, చేరడం ఆలస్యమైతే ఆ ఏళ్ళను పెన్షన్ లెక్కలో నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి. పీఎఫ్ రికార్డులో మానేసిన కారణం దగ్గర ఏం రాశారో కూడా చూసుకోండి. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కటింగ్ ఉంటే, ఉద్యోగం పోయిన వాళ్ళ కోసం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018లో పెట్టిన పథకం గురించి ఈఎస్ఐ ఆఫీసులో అడగండి.

ఇంకో మంచి ఉద్యోగం ఇప్పటికే చేతిలో ఉంటే, లేదా వాళ్ళు ఆ రెండు లక్షలకు మించి రాతపూర్వకంగా ఇస్తామంటే, రాజీనామా తప్పు కాదు. నెల జీతానికి మాత్రం కాదు.

ఫిర్యాదుకు కొత్త కోడ్‌లో రెండేళ్ళ గడువు ఉంది గానీ అంతదాకా ఆగకండి. శుక్రవారం ఆ కాగితం మళ్ళీ ముందు పెడితే, చదవడానికి టైమ్ కావాలని మర్యాదగా అడిగి, ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. అందులో చేరిన తేదీ ఏమని వేశారో, అమ్మింది షేర్లా వ్యాపారమా అని అడిగితే ఏం చెప్పారో ఇక్కడే రాయండి, రాత్రి డ్యూటీ అయ్యాక చూసి చెబుతాను.