రిలాప్సా, పాత బాధేనా? మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మడూ,

ఫోన్‌లో నువ్వు అడిగింది ఒక్క ముక్కే: "అత్తయ్యా, కాలు మళ్ళీ మొద్దుబారుతోంది, ఇది రిలాప్సేనా?" అని. అంటే జబ్బు మళ్ళీ కొత్తగా దాడి చేసిందా అని. అవుననో కాదనో అక్కడికక్కడే తేల్చేసే మాట కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఈ ఎం.ఎస్.తో, అదే నరాల పైపొరని దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో, నీకంటే ఎన్నో ఏళ్ళు ముందు నుంచి కాపురం చేస్తున్నదాన్ని, అంతే. డాక్టరు గారి గదిలో బయట జనం క్యూలో ఉండగా చెప్పించుకోలేని సంగతులు కొన్ని ఉంటాయి. అవి చెప్తాను.

ముందు గడియారం చూడడం నేర్చుకో. న్యూరాలజిస్టులు, అంటే నరాల డాక్టర్లు, రిలాప్స్ అనడానికి ఒక లెక్క పెట్టుకున్నారు. కొత్త లక్షణం రావాలి, లేదా పాతది స్పష్టంగా ముదరాలి. అది కనీసం 24 గంటలు వదలకుండా ఉండాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం ఉండకూడదు. కిందటి అటాక్ మొదలై 30 రోజులు దాటి ఉండాలి. ఆ 30 రోజుల్లోపు వచ్చేదాన్ని పాత అటాక్ కిందే జమ కడతారు. కాబట్టి పొద్దున్న వచ్చి మధ్యాహ్నం భోజనాల వేళకి సర్దుకున్న తిమ్మిరిని రిలాప్స్ అనుకుని ఏడుస్తూ కూర్చోనక్కర్లేదు.

అసలు రిలాప్స్ వచ్చే తీరు వేరు. ఇవాళ పాదం మొద్దుబారుతుంది, రేపటికి మోకాలి దాకా వస్తుంది, ఎల్లుండికి నడుముకి ఎక్కుతుంది. గంటల్లో, రోజుల్లో అలా పెరిగి, కొన్నాళ్ళు అక్కడే నిలబడి, తర్వాత వారాల మీద, ఒక్కోసారి నెలల మీద మెల్లగా దిగుతుంది. ఒక్క నిమిషంలో మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడితే మాత్రం అది ఎం.ఎస్. అనుకుని 24 గంటలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎం.ఎస్. ఉన్నవాళ్ళకి పక్షవాతం రాదని ఎక్కడా రాసిలేదు.

లక్షణాల జాబితా నీ దగ్గర ఉండే ఉంటుంది. నేను నమ్మేవి ఆ జాబితాలో లేని చిన్న చిన్న ఇంటి గుర్తులు. నడుస్తుంటే ఒక కాలి హవాయి చెప్పు మాటిమాటికీ జారిపోతోందంటే ఆ పాదం సరిగ్గా లేవడం లేదన్నమాట. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి రోజూ పట్టే టైము కంటే ఎక్కువ పడుతోందంటే వేళ్ళలో పట్టు తగ్గిందన్నమాట. స్నానం చేసేటప్పుడు చెంబుతో పోసుకున్న నీళ్ళు ఒక తొడకి వేడిగా, ఇంకో తొడకి ఏమీ తెలియనట్టుగా ఉంటే అది కూడా కబురే. పొట్ట చుట్టూ బెల్టు బిగించినట్టు పట్టేస్తే గ్యాస్ అని జెలుసిల్ మింగి ఊరుకోకు. వెన్నుపాములో వాపు వచ్చినా అలాగే ఉంటుంది. దాంతోపాటు మూత్రం రాకుండా ఆగిపోయినా, రెండు కాళ్ళూ నీరసించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. తెల్లారనీ అనుకోకూడదు.

కంటి సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన జబ్బు కంటి నరాన్ని తరచూ పట్టుకుంటుంది. మొదట కన్ను ఇటూ అటూ తిప్పితే వెనకాల నొప్పి తెలుస్తుంది. తర్వాత ఒక్క కంటికి మధ్యలో మసక కమ్ముతుంది. ఈ రెండిటికీ మధ్య ఇంకో గుర్తు ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు: ఎరుపు రంగు వెలిసిపోవడం. నేను అద్దం ముందు కుంకుమ భరిణె మూత తీసి, ఒక కన్ను చేత్తో మూసి చూస్తాను, తర్వాత రెండోది మూసి చూస్తాను. రెండు కళ్ళకీ ఒకే ఎరుపు కనపడాలి. నాకు కంటికి వచ్చినప్పుడు కుడి కంటికి నిగనిగలాడుతున్న కుంకుమ ఎడమ కంటికి పాత ఇటుకపొడిలా కనిపించింది. అక్షరాలు అప్పటికింకా బాగానే చదవగలుగుతున్నాను. కళ్ళద్దాల షాపులో అయితే నంబరు మారలేదని పంపించేసేవాళ్ళు. నువ్వూ అప్పుడప్పుడూ ఇలా చూసుకో. రోజూ వద్దు, రోజూ చూస్తే లేని తేడా కూడా కనపడుతుంది.

మెడ వంచినప్పుడు వీపు వెంట కరెంటు షాకులా జివ్వుమంటుందన్నావు కదా, అది పాత అటాక్ నరాల్లో వదిలిన మచ్చ వల్ల కూడా వస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేది లెక్కలోకి రాదు. అంతకు ముందు లేనిది కొత్తగా మొదలై, రోజంతా పదే పదే వస్తుంటే చెప్పాలి.

ఇక నకిలీ రిలాప్స్. సూడో రిలాప్స్ అంటారు డాక్టర్లు. మన ఎండల్లో ఉండేవాళ్ళకి అసలు దానికన్నా ఇదే ఎక్కువసార్లు ఎదురవుతుంది. వాన పడితే గోడ మీద పాత చెమ్మ మరకే మళ్ళీ తేలుతుంది చూడు, అలాంటిది. కొత్త పగులేమీ ఉండదు. పైపొర దెబ్బతిన్న నరంలో ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతం నడవడం కష్టమవుతుంది. చల్లబడితే మళ్ళీ నడుస్తుంది. విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే ఇది రాశాడు, ఒళ్ళు అలిసేలా శ్రమపడ్డాక కొందరికి చూపు మసకబారుతోందని. ఎం.ఆర్.ఐ. లేని రోజుల్లో రోగిని వేడినీళ్ళ తొట్టెలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయేమో చూసి ఈ జబ్బు పోల్చేవారట. మనింట్లో ఆ పరీక్ష ప్రతి పండక్కీ జరుగుతుంది, తలంటు పేరుతో. కాగుతున్న నీళ్ళు గుమ్మరించుకుని లేవబోతే కాళ్ళు పట్టు తప్పుతాయి. గోరువెచ్చని నీళ్ళు చాలు. బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకో, లోపల గడియ పెట్టుకోకు. మీ నాయనమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు గానీ, మీ అమ్మకి నేను చెప్తాను.

రోహిణి కార్తెలో బజారుకి వెళ్ళొచ్చి కాళ్ళు ఈడ్చుకుంటుంటే ముందు చెయ్యాల్సింది ఒక్కటే, చల్లబడడం. ఏసీ ఉంటే ఏసీ, లేకపోతే ఫ్యాను కింద కూర్చుని మెడ మీద తడి తువ్వాలు, ఒక గ్లాసు చల్లని మజ్జిగ. గంటా రెండు గంటల్లో మునుపటిలా అయిపోతే అది ఎండ పని. నరానికి కొత్తగా నష్టమేమీ జరగలేదు. అలా అని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఆ గంటలో జారిపడితే విరిగే ఎముక నిజంగానే విరుగుతుంది.

ఎండ కాకపోతే తర్వాత అనుమానించాల్సింది మూత్రం. దీన్ని గట్టిగా పట్టుకో. మనలో చాలామందికి మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవదు, అందుకని ఇన్ఫెక్షన్లు వస్తుంటాయి. తమాషా ఏంటంటే ఒక్కోసారి మంటా ఉండదు, జ్వరమూ ఉండదు. కాళ్ళు బిగుసుకుపోవడం, పాత తిమ్మిర్లు తిరగబెట్టడం, అంతే కనపడుతుంది. అందుకే రిలాప్స్ అనగానే మంచి న్యూరాలజిస్ట్ ముందు యూరిన్ టెస్ట్, కల్చర్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) రాస్తారు. ఇన్ఫెక్షన్ పెట్టుకుని స్టెరాయిడ్ ఎక్కిస్తే అది ఇంకా పెట్రేగుతుంది. నీ కాలు కూడా పాత చోటే మొద్దుబారిందన్నావు, పైగా ఆఫీసులో బాత్రూం బాగోదని నీళ్ళు తాగడం మానేశానన్నావు. కాబట్టి రేపు పొద్దున్నే థర్మామీటరు పెట్టి చూసి, శాంపిల్ ఇచ్చిరా. రిపోర్టు రాకముందే తిమ్మిరి పైకి పాకినా, ఇంకో చోట కొత్తగా మొదలైనా టెస్టు కోసం ఆగకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యి.

జలుబూ జ్వరమూ, టీకా వేయించుకున్న రాత్రి ఒళ్ళు కాగడం, రెండు రోజులు నిద్ర లేకపోవడం, నెలసరి ముందు రోజులు, ఇంట్లో పెళ్ళి టెన్షన్, ఇవన్నీ పాత బాధల్ని లేపుతాయి. కారణం తగ్గితే అవీ తగ్గుతాయి. కొన్నిసార్లు ఒక రోజు దాటి కూడా ఉంటాయి, అందుకే గడియారం ఒక్కటే చాలదు. కొత్త చోటా, పాత చోటా అని కూడా చూడాలి.

డాక్టరుకి ఎలా చెప్పాలో కూడా ఒక పద్ధతి ఉంది. "సార్, ఏం బాగాలేదు, నీరసంగా ఉంది" అంటే ఆయనకి ఏమీ అర్థం కాదు. ఇలా మెసేజ్ పెట్టు: "మంగళవారం సాయంత్రం నుంచి కుడి పాదం మొద్దుబారింది. బుధవారానికి మోకాలి వరకూ వచ్చింది. ఇది ముందెప్పుడూ లేదు. మెట్లు రెయిలింగ్ పట్టుకుంటేనే ఎక్కగలుగుతున్నాను. జ్వరం లేదు, యూరిన్ రిపోర్టు నార్మల్. మందులు మానలేదు." ఎప్పటి నుంచి, ఎక్కడ, కొత్తదా పాతదా, ఏ పని చేసుకోలేకపోతున్నావు, జ్వరం ఉందా, అంతే. ఇది చూస్తే రమ్మనాలో వద్దో ఆయనే చెప్పగలరు. ఒక చిన్న నోట్‌బుక్కులో తారీఖు వేసి రాసుకుంటూ ఉండు. కానీ ప్రతి చీమ కుట్టినట్టు అనిపించినదాన్నీ రాయకు. అలా రాస్తే ఆ పుస్తకమే ఇంకో జబ్బు అవుతుంది.

మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు చీటీ లేకుండానే ఇచ్చేస్తారని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పని చెయ్యకు. రిలాప్స్‌కి ఇచ్చే మోతాదు వేరు. మామూలుగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకి 1 గ్రాము సెలైన్‌లో కలిపి 3 నుంచి 5 రోజులు ఎక్కిస్తారు. నోటితో ఇచ్చే పెద్ద డోసు పద్ధతి కూడా ఉంది. అది చేసేది కోలుకోవడాన్ని త్వరపెట్టడం. చివరికి ఎంతవరకు కోలుకుంటావన్నది దానివల్ల పెద్దగా మారదు. అందుకే కొద్దిపాటి తిమ్మిరికి డాక్టరు "చూద్దాం, వద్దులే" అంటే నిన్ను పట్టించుకోలేదని అలగకు. చూపు పోతున్నా, నడక పోతున్నా మాత్రం ఆలస్యం చెయ్యరు. ఎక్కించే రోజుల్లో నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది, రాత్రిళ్ళు నిద్ర పట్టదు, షుగర్ పెరుగుతుంది, అయినదానికీ కానిదానికీ ఇంట్లో వాళ్ళ మీద విరుచుకుపడతాం. మీ ఆయనకి ముందే చెప్పి ఉంచు. అది నువ్వు కాదు, సెలైను మాట్లాడుతోందని. స్టెరాయిడ్‌కి లొంగని పెద్ద అటాక్ అయితే ప్లాస్మా మార్పిడి అని ఇంకో దారి ఉంది.

రోగ నిర్ధారణ అప్పుడు నీకు అక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేశారో లేదో ఫైల్లో చూడు. ఎన్.ఎం.ఓ. అని ఎం.ఎస్.లాగే కనిపించే ఇంకో జబ్బు ఉంది, దానికి మందులు వేరు. ఆపకుండా రోజుల తరబడి ఎక్కిళ్ళు, వాంతులు పట్టుకోవడం దాని గుర్తుల్లో ఒకటి. కడుపు డాక్టర్ల చుట్టూ తిరుగుతారు పాపం.

పిల్లల ఆలోచనలో ఉన్నామన్నారు కదా, దాని గురించి ఒక్క మాట. నెలలు నిండే కొద్దీ రిలాప్సులు తగ్గుతాయి, కాన్పైన తర్వాత మూడు నెలల్లో పెరుగుతాయి. కాబట్టి బాలింతగా ఉన్నప్పుడు వచ్చే ప్రతి నీరసాన్నీ "పచ్చి ఒళ్ళు కదా" అని కొట్టిపారెయ్యనివ్వకు. గర్భం కోసం మందు ఆపాలన్నా డాక్టరుతో ముందే మాట్లాడి ఆపాలి. ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ లాంటివి ఉన్నట్టుండి మానేస్తే జబ్బు మునుపటికంటే గట్టిగా తిరగబెట్టే ప్రమాదం ఉంది.

రిలాప్స్ కానిది ఇంకోటుంది. ఆర్నెల్లుగా, ఏడాదిగా నడక కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంటే అది అటాక్ కాదు. ఏ రోజు మొదలైందని అడిగితే చెప్పలేం. దానికి స్టెరాయిడ్ పనికిరాదు, మందు సంగతే మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది. అది కూడా చెప్పాల్సిందే, కాకపోతే అర్ధరాత్రి ఫోన్ చేసి కాదు. అలాగే ఒంట్లో ఏ తేడా లేకపోయినా ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చలు కనపడొచ్చు. ఏడాదికోసారి రాసే స్కానింగ్ డబ్బు దండగ అని మానెయ్యకు.

చుట్టాల మాట వేరే చెప్పాలా? ఒకరు దిష్టి అంటారు, ఒకరు బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ చాలంటారు, ఇంకొకరు చూడ్డానికి బాగానే ఉన్నావుగా అంటారు. దిష్టి తీయించుకో, తప్పేముంది, ఉప్పూ మిరపకాయలతో పోయేదేం లేదు. మందు మాత్రం మానకు.

ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది, అది తెలిసి ఉంటే మంచిది. రిలాప్స్ అని తేలిన రోజుల్లో సెలవు పెట్టు. ఒకటి రెండుగా కనపడుతుంటే స్కూటీ తాళం మీ ఆయన చేతికిచ్చెయ్యి. పాత ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు ఒకే సంచిలో పెట్టి బీరువాలో కింద అరలో ఉంచు, అడిగిన వెంటనే ఇంట్లో ఎవరైనా తీసిచ్చేలా. కొత్త స్కాను తీసినప్పుడు పాతది పక్కన పెట్టి చూస్తేనే ఏది కొత్త మచ్చో తెలుస్తుంది. యూరిన్ రిపోర్టు రాగానే ఫోటో తీసి నాక్కూడా పంపు.

మీ అత్తయ్య