ప్రాజెక్టు ముగిసిన మర్నాడు

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ చదివాను. స్వచ్ఛంద సంస్థ జీపు ఊళ్లోకి రావడంతో మొదలుపెట్టి, ఆసుపత్రి ప్రారంభోత్సవంతో ముగించావు. మధ్యలో ఓ ముసలామె, "ఇంతకుముందు ఇక్కడో నర్సమ్మ ఉండేది, ఏమైంది?" అని అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు. నువ్వూ చెప్పలేదు. ఆ ప్రశ్న దగ్గర నా మనసు పట్టుకుపోయింది. మిగతా పేజీలన్నీ చిరాగ్గానే చదివాను.

1980లలో అప్పుల్లో కూరుకుపోయిన దేశాలకు అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్), ప్రపంచ బ్యాంకు కొత్త అప్పులిస్తూ ఖర్చు తగ్గించుకోమని షరతులు పెట్టాయి. ఆఫ్రికాలో చాలాచోట్ల ప్రభుత్వ ఉద్యోగాల భర్తీ ఆగింది. కెన్యాలో 1989లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫీజులు పెట్టారు. అలా ఏర్పడిన ఖాళీల్లోకే స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి. నీ కథలో మాత్రం ఆ ఖాళీ వానలు పడక వచ్చిన కరువులా, ఎవరి ప్రమేయం లేకుండా వచ్చినట్టుంది.

సంస్థలను తిట్టమనడం లేదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ తిరిగి, విరేచనాలతో పిల్లలు చనిపోకుండా ఉప్పు, బెల్లం నీళ్లలో కలపడం తల్లులకు నేర్పింది. కోటికి పైగా ఇళ్లు! నేర్పిన మనిషికి డబ్బు, ఆ తల్లులకు తర్వాత ఎంత గుర్తుందో చూసి ఇచ్చేవారు. ఇలాంటి వివరం ఒక్కటుంటే నీ హీరోకి రెండు పేజీల పొగడ్త అక్కర్లేదు. కానీ హైతీనీ చూడు. 2010 భూకంపం తర్వాత వచ్చిన సహాయంలో చాలా భాగం అక్కడి ప్రభుత్వం చేతికి రాకుండా విదేశీ సంస్థలకే వెళ్లింది. సంస్థ లెక్క చెప్పేది డబ్బిచ్చిన వాళ్లకి. ప్రాజెక్టు అయిపోతే ముసలామె ఎవర్ని నిలదీయాలి? ఓటున్న చోట ప్రభుత్వాన్నైనా అడగొచ్చు.

అందుకే కథను ప్రాజెక్టు ముగిసిన మర్నాటి నుంచి మొదలుపెట్టమంటాను. ఎవరడిగినా ఇదే చెబుతాను.

పత్రికలవాళ్లకు ఇది నచ్చదు. నా తొలి రోజుల్లో, మూతపడ్డ బడి మీద రాసిన కథలో జీతాలు ఎందుకు ఆగాయో చెప్పే పేరా మొత్తం ఓ సంపాదకుడు కొట్టేశాడు. "పాఠకులకు ఆశ కావాలండీ" అన్నాడు. టీచరు కన్నీళ్లు మాత్రం ఉంచాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఇప్పుడు పోటీలవాళ్లంతా స్ఫూర్తి కథలే అడుగుతున్నారు, అదో జబ్బు.

శీర్షిక గురించీ, సంపుటి గురించీ అడిగావు. అవి తర్వాత. ముందు నర్సు సంగతి తేల్చు. ఆమె పోస్టు ఎప్పుడు పోయింది? ఉత్తర్వు మీద ఎవరు సంతకం పెట్టారు? లేదంటే ఆమె ఎక్కువ జీతానికి ఆ సంస్థలోనే చేరిందేమో. చాలా దేశాల్లో అలా జరిగి, ప్రభుత్వ ఆసుపత్రులు ఇంకా ఖాళీ అయ్యాయి. తిరగరాసి పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య