మీ ప్రశ్నలకు జవాబులు: నోరు పెగలని రోజుల్లో ప్రార్థన

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ ఉంది. కష్టం మీద కష్టం వస్తుంటే విశ్వాసంలో నిలబడడం ఎలా అని అడిగారు. అయిదు ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. ఊళ్ల పేర్లే ఇస్తున్నాం, రాసినవాళ్ల పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి రెండేళ్లు కిడ్నీ జబ్బుతో బాధపడి ఉగాదికి ముందు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థించింది. ఇప్పుడు మోకరిస్తే "ప్రభువా" అన్న తర్వాత ఇంకో మాట రావడం లేదు. కోపం వస్తోంది. ఆదివారం స్తుతి పాటలు మొదలుకాగానే లేచి బయటికి వచ్చేస్తున్నాను. నేను విశ్వాసం పోగొట్టుకున్నానా?
– ఒక తల్లి, తుని

జవాబు: లేదమ్మా. కోపం వచ్చినా ఇంకా ఆయన ముందే మోకరిస్తున్నారు. పోగొట్టుకున్నవాళ్లు చేసే పని కాదది.

మన సంఘాల్లో స్తుతి నేర్పినంతగా మొర పెట్టుకోవడం నేర్పలేదు. అది మీ లోపం కాదు, మా బోధకుల లోపం. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. వాటిలో 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ఫిర్యాదు: "ఎన్నాళ్లు?" అని కీర్తనకారుడు దేవుణ్ని మళ్లీ మళ్లీ అడుగుతాడు. 3, 4 వచనాల్లో అడగాల్సింది అడుగుతాడు. చివరి రెండింటిలో నీ కృపను నమ్ముకున్నానంటాడు.

దీన్ని ఇలా వాడండి. రాత్రి గిన్నెలు సర్దేశాక ఒక చోట కూర్చోండి. రోజూ అదే చోటు, అదే వేళ. మొదటి రెండు వచనాలు మీ చెవికి వినబడేటట్టు చదివి ఆగండి. ఒక నోటు పుస్తకంలో, అబ్బాయి పేరు రాసి, మీ సొంత మాటల్లో ఒక్క వాక్యం రాయండి. "వాడి మంచం ఖాళీగా ఉంది, చూస్తున్నావా?" అన్నంత సూటిగా ఉన్నా తప్పు లేదు. తర్వాత 3, 4 వచనాలు చదివి, ఈ రాత్రికి కావలసింది ఒక్కటి అడగండి. నిద్ర కావచ్చు, రేపు పొయ్యి వెలిగించే ఓపిక కావచ్చు. చివరి రెండు వచనాలు నోటికి రాకపోతే బలవంతంగా అనకండి. పుస్తకం మూసేయండి. అయిదు నిమిషాలు చాలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అపరాధ భావంతో "రేపటినుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థిస్తాను" అని మొక్కుకుంటారు. నిద్రలేని ఒంటితో అది మూడో రోజుకే ఆగిపోతుంది. అప్పుడు దుఃఖానికి తోడు మాట తప్పానన్న నింద కూడా నెత్తిన పడుతుంది. చిన్నది పెట్టుకోండి, తెగకుండా చూసుకోండి.

13వ కీర్తన కూడా మీ బాధకు చాలదనిపించిన రోజున 88వది తెరవండి. పద్దెనిమిది వచనాల్లో చివరికి కూడా తెల్లవారదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు, చివర ఓ ఆదరణ వాక్యం అతికించలేదు. అలాంటి ప్రార్థన కూడా దేవుని సన్నిధిలో చెల్లుతుందనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

గుడి మాత్రం మానకండి. తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చోండి. "పాటలప్పుడు బయట ఉంటాను, వాక్యానికి వస్తాను, ప్రభువు బల్లకు వస్తాను" అని పాస్టరమ్మగారికి ముందే చెప్పేయండి. అప్పుడు ఎవరూ వెనకాల వచ్చి ప్రశ్నలు వేయరు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించారు. యేసు "వారి విశ్వాసము చూచి" మాట్లాడాడని రాసి ఉంది. మంచంమీదున్నవాడు నోరు విప్పినట్టు అక్కడ లేదు. కొన్నాళ్లు మీ పాట మీ పక్కవాళ్లు పాడతారు.

ఒంటిని కూడా చూసుకోండి. చచ్చిపోతే బాగుండునని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ అంతే. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న తలంపు వస్తే ఆ రెండు వారాలు కూడా ఆగకండి, ఆ రోజే చేయండి.

ప్రశ్న: మా అమ్మకు టీబీ. మందులు మొదలుపెట్టి రెండున్నర నెలలైంది, దగ్గు తగ్గింది. ఒక స్వస్థత కూటంలో "తగ్గిందంటే ప్రభువు ముట్టాడు, ఇంకా మాత్రలు మింగడం అవిశ్వాసం" అన్నారట. అమ్మ మానేస్తానంటోంది. ఏం చెప్పాలి?
– ఒక సహోదరుడు, నల్గొండ

జవాబు: ఈ రోజు మాత్ర ఈ రోజే వేయించండి. తక్కిన మాటలు తర్వాత.

మామూలు టీబీకి వైద్యం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి, ఆకలి వేస్తుంది. అది మందులు పనిచేస్తున్నాయనడానికి గుర్తేగాని, క్రిములన్నీ చచ్చాయనడానికి కాదు. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగని జబ్బుగా తిరగబెట్టవచ్చు. అప్పుడు మరింత కష్టమైన వైద్యం కావాలి. ఈలోగా ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. పోషకాహారానికి నిక్షయ్ పోషణ కింద నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఖాతా వివరాలు ఇచ్చారో లేదో కనుక్కోండి.

అమ్మకు ఆమె బైబిల్లోంచే చూపించండి. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు (1 తిమోతి 5:23), విశ్వాసం చాలలేదని తిట్టలేదు. అతని వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఆ పౌలే తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు, ఆ ముల్లు పోలేదు. మాత్ర చేతిలో పెట్టుకుని కృతజ్ఞతా ప్రార్థన చేసి మింగమనండి. చాలామంది పెద్దవాళ్లకు ఈ పద్ధతి మనసుకు పడుతుంది. వైద్యం పూర్తయ్యేదాకా ఉపవాసాలు వద్దు. ఆమెకు ఇప్పుడు కావలసింది బలమైన తిండి. కఫం పరీక్షలో ఏమీ లేదని తేలి, ఆరు నెలలూ పూర్తయి, డాక్టరు ఆపమన్నాక గుడిలో సాక్ష్యం చెప్పించండి.

ప్రశ్న: సంఘంలో మరణం జరిగినప్పుడు పరామర్శకు వెళ్తే ఏం మాట్లాడాలో తెలియక అందరం "దేవుని చిత్తం" అనేసి వస్తున్నాం. సంఘంగా ఇంకేం చేయగలం?
– ఒక సంఘ పెద్ద, భీమవరం

జవాబు: పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నేలమీద కూర్చుని నోరెత్తలేదు. వాళ్లు చేసిన మంచి పని అదే. తప్పంతా నోరు విప్పాక వచ్చింది. కాబట్టి "దేవుని చిత్తం" అనకండి. "ఇంట్లో ఏదో పాపం ఉండి ఉంటుంది" అన్న మాట అసలే వద్దు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అదే అడిగితే, వాడూ పాపం చేయలేదు, వాడి కన్నవారూ చేయలేదని ప్రభువే చెప్పాడు. "ఏం చెప్పాలో తెలియడం లేదు, కూర్చుందామని వచ్చాం" అంటే సరిపోతుంది. పోయినవాళ్లను పేరు పెట్టి తలచుకోండి. మనం ఎత్తితే బాధపడతారేమోనని ఊరుకుంటాం గాని, ఆ పేరు ఎవరూ ఎత్తకపోవడమే ఎక్కువ బాధ.

అసలు ఇబ్బంది ఆదరణ కూడిక అయిపోయాక మొదలవుతుంది. అప్పటిదాకా ఇంటినిండా జనం. తర్వాత గడప తొక్కేవాళ్లుండరు. అందుకని కూడిక రోజునే నాలుగు కుటుంబాలను ఏర్పాటు చేయండి, ఒక్కో వారం ఒక్కొక్కరు. టిఫిన్ క్యారియరులో అన్నం, కూర తీసుకెళ్లండి. వాళ్లు తినేదాకా ఉండి క్యారియరు మీరే వెనక్కి తెచ్చుకోండి. కడిగి తిరిగివ్వాల్సిన పని కూడా వాళ్లకు పెట్టకండి. ఇంకొకరు కాగితాల పని చూడాలి. మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. ఆ సర్టిఫికెట్టు లేకపోతే బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, వితంతు పింఛను ఏదీ కదలదు.

సంఘం డైరీలో మరో మూడు తారీకులు రాసి పెట్టుకోండి: పోయినవాళ్ల పుట్టినరోజు, మొదటి క్రిస్మస్, సంవత్సరీకం. ఆ రోజుల్లో ఇద్దరు వెళ్లి పావుగంట కూర్చుని రండి.

ప్రశ్న: చేపల చెరువులో నష్టపోయాం. మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు అప్పుంది. దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) ఆగినందుకే కష్టాలు తీరడం లేదంటున్నారు. అప్పు తెచ్చి అయినా ఇవ్వాలా?
– ఒక విశ్వాసి, కైకలూరు

జవాబు: వద్దు. మీరు నెలకు 1500 వడ్డీకే కడుతున్నారు, ఏడాదికి 18,000. దానిమీద మళ్లీ అప్పు చేసి కానుక వేస్తే అది అప్పిచ్చినవాడి సొమ్ము. 2 కొరింథీయులకు 8:12 సిద్ధమైన మనసును అడుగుతుంది, శక్తికి మించి ఇమ్మనదు, కలిమి కొలదే ఇమ్మంటుంది. పది రూపాయలే ఉంటే పదే వేయండి, చేతిలో ఏమీ లేని వారం ఆదివారం గుడి ఊడ్చి చాపలు పరిచి రండి. డ్వాక్రా సంఘంలోగాని బ్యాంకులోగాని తక్కువ వడ్డీ రుణం దొరికితే ముందు ఈ మూడు రూపాయల అప్పు తీర్చేయండి.

ప్రశ్న: కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. ఏడాదిగా ఆరాధనకు వెళ్లలేదు, సెలవివ్వరు. విశ్వాసం చల్లారిపోతోందని భయంగా ఉంది.
– ఒక సహోదరి, స్వగ్రామం రాజంపేట దగ్గర

జవాబు: ముందు మీ హక్కు తెలుసుకోండి. ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం వారానికి ఒక రోజు జీతంతో సెలవుంది, రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. గొడవ పడకుండా మేడమ్‌ను నెలకు రెండు శుక్రవారాలు అడిగి చూడండి. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారమే కాబట్టి తెలుగు ఆరాధనలూ ఆ రోజున జరుగుతాయి. జీతం ఆపినా, చేయి చేసుకున్నా భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. ఒక జాగ్రత్త: ఆ ఇంటివాళ్లకు సువార్త చెప్పడం, కరపత్రాలివ్వడం వద్దు. ముస్లింల మధ్య మతప్రచారం అక్కడ నిషేధం, ఉద్యోగానికీ మీకూ ముప్పు.

సెలవు దొరికేదాకా వారానికి ఒక్క వచనం పెట్టుకోండి. చిన్న కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపలివైపు అంటించండి. బట్టలు మడతపెట్టేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు దాన్నే అనుకోండి. ఫోనులో తెలుగు ఆడియో బైబిలు వైఫై ఉన్నప్పుడు దించుకుంటే తర్వాత నెట్ లేకుండానే వినొచ్చు.

ఇంటివాళ్లతో కలిసి ప్రార్థించండి. మన సమయం మీకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి పెట్టుకుంటే మీరు వంటలో ఉంటారు, మీ పని అయ్యేసరికి ఇక్కడ పిల్లలు పడుకుంటారు. ఇక్కడ ఉదయం ఏడున్నర అంటే మీకు అయిదు, ఇల్లు ఇంకా లేవదు. పిల్లలు బడికి బయల్దేరే ముందు ఫోను చేసి, ఒకరి చేత నాలుగు వచనాలు చదివించుకుని, మీ నోటితో వాళ్లను దీవించి పంపండి.