‘డిడ్ హీ వెంట్’ పోవాలంటే డస్టర్ ఒకటి చాలు

“ఇంగ్లీషు గ్రామర్ రూల్ అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్తారు, నోరు తెరిస్తే మాత్రం ‘డిడ్ హీ గో’ అనాల్సిన చోట ‘డిడ్ హీ వెంట్’ అంటారు. యాక్టివిటీలతో మారుతుందా?” అని ఒక టీచరుగా మీరు అడిగారు. మారుతుంది. కాకపోతే ఆ గ్రామర్ వాడకుండా తప్పించుకునే దారి ఆటలో ఉండకూడదు. ఖాళీలు పూరించే బిట్లనే వైకుంఠపాళీ మీద అతికిస్తే మిగిలేది పాచికలాటే. రంగుల చార్టులకు లామినేషన్ చేయించడమూ అంతే, ఇన్‌స్పెక్షన్‌కి తప్ప ఎందుకూ పనికిరాదు.

తెలుగులో ‘వెళ్ళాడు’ చివర ‘ఆ’ చేరిస్తే ‘వెళ్ళాడా?’, ప్రశ్న అయిపోయింది. ఏ మాటా చోటు కదలదు. ఇంగ్లీషులో కదలాలి. అందుకే పిల్లల్నే కదిలించండి.

ఏ4 కాగితాలు సగానికి చింపి, లావు మార్కర్‌తో ఒక్కోదాని మీద ఒక్కో మాట: హీ, గో, టు, స్కూల్, డూ. గో వెనక వెంట్, డూ వెనక డిడ్. ఒక్కో కార్డు ఒక్కో పిల్లాడి చేతికిచ్చి వరసగా నిలబెట్టండి. డస్టరే భూతకాలం. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే కార్డు తిప్పాలి. మొదట డస్టర్ గో దగ్గర ఉంటుంది కాబట్టి ‘హీ వెంట్ టు స్కూల్’. డూ తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. మీరు “ప్రశ్న!” అనగానే వచ్చి హీ ముందు నిలబడి డస్టర్ లాక్కుంటాడు. ఇప్పుడు వాడు డిడ్, అటువాడు మళ్ళీ గో. గో కార్డు తిప్పడం మరిచిపోతాడు చూడండి, క్లాసంతా “డస్టర్ లేదురా నీకు!” అని అరుస్తుంది. ఉన్నది ఒక్క డస్టరే, డిడ్, వెంట్ రెండూ ఎలా వస్తాయి? రూల్ మొత్తం ఇంతే.

‘హీ లైక్స్’ లాంటి వర్తమాన కాలానికి డస్టర్ బదులు ఎస్ కార్డు నడుస్తుంది. దాని వెనక ‘ఈఎస్’ రాయండి, లేకపోతే డూతో కలిసి ‘డజ్’ అయినప్పుడు స్పెల్లింగ్ తప్పుతుంది. ‘స్టడీ’లాంటివి మొదటి రోజు వద్దు, వాటిలో ‘వై’ కూడా మారిపోతుంది. ‘ఈజ్’ కూడా అదే రోజు కలిపితే ‘ఈజ్ హీ లైక్’ పుడుతుంది. ‘హూ వెంట్?’లో డిడ్ రాదు, దాన్ని వారం తర్వాత ఎత్తుకోండి.

ఆట చెడేది ఎక్కడంటే, యాభైమందిలో ఐదుగురు ఆడుతుంటే మిగతావాళ్ళు సినిమా చూస్తారు. డూ కదలకముందే కూర్చున్నవాళ్ళు ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసేయాలి, 20 సెకన్లు. మూడు వాక్యాలకోసారి జట్టు మార్చండి. 15 నిమిషాలు దాటితే గోలే, పక్క క్లాసు సారు తలుపు దగ్గరికొస్తారు.

తర్వాత కార్డులు పక్కన పెట్టించి, జతలుగా కూర్చోబెట్టండి. ఒకరు నిన్న చేసిన మూడు పనులు రాసి దాచాలి, రెండోవాళ్ళు పది ప్రశ్నల్లో పట్టుకోవాలి. చేసిన పనుల గురించి కాబట్టి దాదాపు ప్రతి ప్రశ్నకీ డిడ్ కావాల్సిందే. తప్పు వినబడితే మీరేం మాట్లాడకండి, డస్టర్ పైకెత్తండి.