ట్వెల్త్ అవగానే మెడిసిన్‌లో చేర్చెయ్యొచ్చా అక్కా?

న్యూజెర్సీ వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. వ్రతానికి వెళ్లినా, పుట్టినరోజుకు వెళ్లినా కొత్తగా దిగినవాళ్లెవరో ఒకరు ప్రసాదం చేతిలో పెట్టుకుని అడిగే మాట ఇది. మా అమ్మాయి ఆ దారిలో నడిచింది కదా, అందుకని.

జవాబుకు ముందు నేనొకటి అడుగుతాను: మీ గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది? పిల్లాడి మార్కులు అడుగుతాననుకున్నవాళ్లు మొహం అదోలా పెడతారు. కానీ లెక్క చూడండి. ఇక్కడ మెడికల్ స్కూలు మామూలుగా డిగ్రీ తర్వాతే. నాలుగేళ్ల డిగ్రీ, దాని మధ్యలోనో చివర్లోనో ఎంక్యాట్ అనే ప్రవేశపరీక్ష, ఆపైన నాలుగేళ్ల ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిది), ఆ తర్వాత స్పెషాలిటీని బట్టి మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ శిక్షణ. పద్దెనిమిదికి హైస్కూలు ముగిసినా, మెడికల్ స్కూలు గడప తొక్కేసరికి 22 వస్తాయి. హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే హెచ్-4 వీసా మాత్రం 21 నిండగానే ఆగిపోతుంది. అప్పుడు ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. చాలా మెడికల్ స్కూళ్లు గ్రీన్ కార్డు లేనివాళ్ల దరఖాస్తే చూడవు. చూసేవాటిలో కొన్ని నాలుగేళ్ల ఫీజూ ముందే జమ చేయమంటాయి. ఫెడరల్ లోను ఎలాగూ రాదు. మన ఇండియా క్యూలో గ్రీన్ కార్డుకి పదేళ్ల పైమాటే కాబట్టి, ఈ లెక్క ఇప్పుడే వేసుకోండి.

ఇంటర్ అవగానే ఎంబీబీఎస్‌లో చేరినట్టు ఇక్కడా ఒక దారుంది, డిగ్రీకీ ఎండీకీ కలిపి ఒకేసారి సీటు; బీఎస్-ఎండీ అంటారు. బ్రౌన్ యూనివర్సిటీలో ఎనిమిదేళ్లది, కాన్సస్ సిటీలోని మిస్సోరి యూనివర్సిటీలో ఆరేళ్లది, ఇంకా ఏడేళ్లవి కొన్ని. కొన్నింటికి ఎంక్యాట్ అక్కర్లేదు, కొన్నింటికి ఇంత స్కోరు తేవాలని షరతు. కాలేజీ మార్కుల సగటు (జీపీఏ) జారితే ఆ సీటూ జారిపోవచ్చు. ట్వెల్త్ మొదలవగానే, అక్టోబరు, నవంబరుల్లోనే చాలావాటి గడువు అయిపోతుంది. సీట్లేమో కొన్నిచోట్ల వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వీటిలోనూ చాలావాటికి గ్రీన్ కార్డో పౌరసత్వమో తప్పదు.

ఇక్కడే మేం పప్పులో కాలేశాం. ఎంసెట్ ర్యాంకుల్లో పెరిగిన బుర్రలు కదా మావి! శాట్ స్కోరు, ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి పాఠాలు), స్పెల్లింగ్ బీ కప్పులు పోగేశాం. ఓ కన్సల్టెంటుకి డబ్బు పోసి ఎస్సేలు నున్నగా చెక్కించాం. తెలిసిన డాక్టరుగారి క్లినిక్‌లో రెండు వారాలు షాడోయింగ్ (డాక్టరు వెంట ఉండి పని చూడటం) పేరుతో కుర్చీలో కూర్చోబెట్టాం. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగింది ఒక్కటే, ‘ఆస్పత్రిలో నీకు నచ్చనిదేమిటి?’ అని. పిల్ల దగ్గర మాట లేదు. ఏం చూసిందని చెబుతుంది? అయిదు చోట్ల పెడితే అయిదూ పోయాయి.

తర్వాత స్టేట్ యూనివర్సిటీలో చేరింది. శనాదివారాలు ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో అన్నం తినిపించడం, పక్కలు మార్చడం. మా ఆయనకది అస్సలు నచ్చలేదు, ‘ఆయా పనికా దీన్ని చదివించింది’ అని గొణిగేవారు. రెండోసారి ఇంటర్వ్యూల్లో వాళ్లు ఎక్కువసేపు అడిగింది ఆ ముసలివాళ్ల గురించే. 23 ఏళ్లకి సీటొచ్చింది. అన్నట్టు, ఎండీ లాగే డీఓ అని ఇంకో డాక్టరు డిగ్రీ ఉంది, డీఓ అంటే రెండో రకం డాక్టరని మనవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది. లైసెన్సుకు ఎండీకీ దానికీ తేడా లేదు, 2020 నుంచి రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ కూడా ఇద్దరికీ ఒకటే.

డెంటల్ కూడా ఇంచుమించు ఇంతే, పరీక్ష పేరు డ్యాట్. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మూడేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల డెంటల్ కలిపి ఏడేళ్ల ప్రోగ్రాం ఉంది. పసిఫిక్ యూనివర్సిటీలో డెంటల్ మూడేళ్లలోనే అయిపోతుంది. సీనియర్లెవరైనా ‘డ్యాట్‌లో 22 వస్తే చాలు’ అంటే అది పాత లెక్క, 2025 నుంచి స్కోరు 200-600 మధ్య ఇస్తున్నారు. అసలు భయం ఖర్చు. ప్రైవేటు డెంటల్ స్కూల్లో ఫీజు, ఇంటద్దె కలిపి ఏడాదికి లక్ష డాలర్లు దాటడం మామూలే. 2026 జులై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ఫెడరల్ లోను ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లు దాటదు. మిగతాది మీ జేబులోంచో ప్రైవేటు బ్యాంకు నుంచో రావాలి.

‘పోనీ, ఇండియా పంపిస్తే?’ అంటారు. పంపొచ్చు, నీట్ రాయాలి. కానీ తెలంగాణలో స్థానికుల కోటాకి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడే చదివుండాలి. పదో గ్రేడు ఇక్కడ చదువుతున్నవాడికి ఆ తలుపు మూసుకున్నట్టే. ప్రైవేటు కాలేజీల్లో ఎన్నారై కోటా 15 శాతం ఉంది, దాని ఫీజు మాత్రం మామూలు సీటు కన్నా చాలా ఎక్కువ. తిరిగి ఇక్కడ రెసిడెన్సీ కావాలంటే ఇక్కడి డాక్టరు లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాయక తప్పదు.

మా అమ్మాయి వచ్చే ఆదివారం ఇంటికొస్తోంది. మీవాణ్ణి పంపండి, నాలుగు మాటలు చెబుతుంది. మీరు మాత్రం వెనకాలే రాకండి, అమ్మ పక్కనుంటే వాడు నోరు విప్పడు.